సొంత మెయిల్ సర్వర్‌కి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఏది తీసుకోవాలి, ఎలా తేల్చుకోవాలి

సొంత మెయిల్ సర్వర్‌కి ఏది మంచిదండీ అని అడిగితే చాలామంది టకటకా పేర్లు చెప్పేస్తారు, పోస్ట్‌ఫిక్స్ అని ఒకరు, మెయిల్‌కౌ అని ఇంకొకరు. నేను మాత్రం ఎవరడిగినా ముందు తిరిగి ఒకటే అడుగుతాను: మీరు పెళ్లికని హైదరాబాద్ వెళ్లారు, ఆ పూట మెయిల్ ఆగిపోయింది, ఆఫీసులో దాని మీద చెయ్యి వెయ్యగలిగేది ఎవరు? ఆ మనిషికి ఏం వచ్చో దాన్నిబట్టే సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి. భీమవరంలో రొయ్యల ఎగుమతి ఆఫీసు, నర్సాపురంలో లేసులు బయటి దేశాలకి పంపే వాళ్లు, కడియంలో పెద్ద నర్సరీ, ఇలాంటి చోట పది పదిహేను మెయిల్ బాక్సులు ఉంటాయి, అకౌంట్స్ చూసే అమ్మాయే పాస్‌వర్డులు మార్చాలి, అక్కడ కమాండ్ లైన్‌లో నడిచేది పెట్టి వెళ్లిపోతే వాళ్లని ఇబ్బంది పెట్టినట్టే. అదే కాకినాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ అనుకోండి, ల్యాబ్‌లో లినక్స్ బాగా వచ్చిన వాళ్లు ఇద్దరున్నారు, అప్పుడు లెక్క వేరు.

సాఫ్ట్‌వేర్ కంటే ముందు చూడాల్సింది

చెరువులో పిల్ల వదిలే ముందు నీళ్లు పరీక్ష చేయిస్తారు కదా, ఇక్కడ కూడా ముందు ఐపీ (నెట్‌లో మీ సర్వర్‌కి ఉండే నంబరు), పోర్టు 25 చూసుకోవాలి, అవి బాలేకపోతే ప్రపంచంలో ఏ సాఫ్ట్‌వేర్ పెట్టినా మీ మెయిల్ అవతలి వాళ్లకి చేరదు. సర్వర్ నుంచి సర్వర్‌కి మెయిల్ వెళ్లేది పోర్టు 25 మీదే. గూగుల్ క్లౌడ్‌లో బయటికెళ్లే పోర్టు 25 మూసే ఉంటుంది, అమెజాన్‌లో మామూలుగా మూసి ఉంటుంది, కారణం రాసి రిక్వెస్ట్ పెట్టి తెరిపించుకోవాలి, డిజిటల్ ఓషన్ డ్రాప్లెట్లలో కూడా మూసే ఇస్తారు. అందుకని వీపీఎస్‌కి, అంటే అద్దెకి తీసుకునే సర్వర్‌కి, ఏడాది డబ్బులు ఒకేసారి కట్టేయకండి, ఒక నెలకి తీసుకుని అందులోంచి టెల్‌నెట్ అనే కమాండుతో జీమెయిల్ వాళ్ల మెయిల్ సర్వర్ పోర్టు 25కి కనెక్ట్ అవుతుందో లేదో చూడండి, 220 అని మొదలయ్యే లైను వస్తే దారి తెరిచి ఉన్నట్టు.

రెండోది రివర్స్ డీఎన్ఎస్, పీటీఆర్ రికార్డు అంటారు. డీఎన్ఎస్ అంటే ఏ పేరుకి ఏ ఐపీయో చెప్పే పట్టిక, ఇది దాన్ని తిరగేసినది. మీ ఐపీ ఎవరిది అని అవతలి సర్వర్ అడిగితే మీ మెయిల్ సర్వర్ పేరే రావాలి, మళ్లీ ఆ పేరుని వెతికితే అదే ఐపీ రావాలి. ఇది మీ డొమైన్ ప్యానెల్లో దొరకదు, ఐపీ ఇచ్చినవాళ్ల దగ్గరే పెట్టించుకోవాలి. మూడోది, ఆ ఐపీని మీకంటే ముందు ఎవరు వాడారో, స్పామ్ పంపే ఐపీలు రాసిపెట్టే స్పామ్‌హౌస్ లాంటి బ్లాక్‌లిస్టుల్లో ఉందేమో చూసుకోండి, ఉంటే గొడవ పడకుండా వేరే ఐపీ అడగండి.

ఇంట్లోనో ఆఫీసులోనో పాత డెస్క్‌టాప్ మీద పెడదామా అని మన వైపు చాలామంది అడుగుతారు, కరెంటు ఖర్చు తప్ప ఏమీ లేదు కదా అని. మెయిల్ విషయంలో వద్దనే చెప్తాను. ఇంటి ఫైబర్ కనెక్షన్లలో ఐపీ మారిపోతూ ఉంటుంది, చాలా చోట్ల ఒకే ఐపీ వెనక పదుల ఇళ్లు ఉంటాయి, పీటీఆర్ మీ చేతిలో ఉండదు, పైగా ఇళ్లకిచ్చే ఐపీలని స్పామ్‌హౌస్ వాళ్లు ఒక ప్రత్యేకమైన లిస్టులోనే పెడతారు, అక్కడినుంచి నేరుగా మెయిల్ వస్తే తీసుకోవద్దని. వాటికి తోడు మన తుఫాన్లు, 2022 జూలై వరదల్లో కోనసీమ లంకలు మునిగినప్పుడు ఎన్ని రోజులు ఎలా గడిచాయో అక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. సర్వర్ ముంబైలోనో బెంగళూరులోనో డేటా సెంటర్లో ఉంచి, బ్యాకప్ మాత్రం ఆఫీసు డిస్కులో ఒకటి, ఇంకో ఊళ్లో ఒకటి పెట్టుకోవడం మేలు. భయపడాల్సిన పని లేని విషయం కూడా ఒకటి చెప్తాను, సర్వర్ ఒక పూట పడిపోయినా మీకొచ్చే మెయిల్ మాయమైపోదు, పంపిన సర్వర్లు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూనే ఉంటాయి, నాలుగైదు రోజులైనా ఆగాలని ఎస్‌ఎమ్‌టీపీ, అంటే మెయిల్ పంపే పద్ధతి, దాని ప్రమాణంలోనే ఉంది, పోస్ట్‌ఫిక్స్ అయితే మామూలుగా 5 రోజులు ప్రయత్నిస్తుంది.

పోర్టు 25 ఎంతకీ తెరవకపోతే సగం దారి ఒకటుంది. వచ్చే మెయిల్ మీ సర్వర్‌కే రానిచ్చి, వెళ్లే మెయిల్ మాత్రం మన తరఫున పంపిపెట్టే ఏదైనా రిలే సర్వీసు ద్వారా పంపడం. కింద చెప్పే సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి ఈ సదుపాయం ఉంది. మొదటిసారి పెట్టుకునే చిన్న ఆఫీసుకి ఇది చాలా మంచి పద్ధతి, మెయిల్ బాక్సులు మీ చేతిలోనే ఉంటాయి, డెలివరీ తలనొప్పి వేరేవాళ్లు చూసుకుంటారు.

లోపల ఏమేం ఉంటాయి

మెయిల్ సర్వర్ అంటే ఒక సాఫ్ట్‌వేర్ అనుకుంటారు గానీ నాలుగైదు కలిసి పనిచేస్తాయి. మెయిల్ తీసుకుని పంపేది ఒకటి, దాన్ని ఎంటీఏ అంటారు, మెయిల్ దాచి ఫోన్‌కి చూపించే ఐమాప్ సర్వర్ ఒకటి, స్పామ్ పట్టుకునేది ఒకటి, బ్రౌజర్లో చూసుకునే వెబ్‌మెయిల్ ఒకటి. రెడీమేడ్ ప్యాకేజీ తీసుకున్నా లోపల ఉండేవి ఇవే కాబట్టి వాటి గురించి నాలుగు ముక్కలు తెలిసి ఉండాలి, ఎందుకంటే ఏదైనా ఆగిపోయినప్పుడు లాగ్‌లో (సర్వర్ రాసుకునే చిట్టాలో) కనిపించేది ప్యాకేజీ పేరు కాదు, వీటి పేర్లే.

ఎంటీఏకి పోస్ట్‌ఫిక్స్ తీసుకోండి, నాకైతే దీని మీద రెండో మాట లేదు. ఐబీఎమ్‌లో పనిచేస్తున్నప్పుడు వీట్సే వెనెమా రాశారు, 1998లో బయటికొచ్చింది, అప్పటి ఎంటీఏ అయిన సెండ్‌మెయిల్‌లో భద్రతా లోపాలు వస్తూనే ఉండేవి కాబట్టి ఈయన మొదటినుంచే పనిని చిన్న చిన్న ప్రోగ్రాములుగా విడగొట్టి, ఒక్కోదానికి అవసరమైనంత అధికారమే ఇచ్చారు, ఒకటి చెడినా మొత్తం చేజారకుండా. 2023 డిసెంబర్లో ఎస్‌ఎమ్‌టీపీ స్మగ్లింగ్ అనే కొత్త రకం దాడి బయటపడితే కొద్ది రోజుల్లోనే సరిచేసిన వెర్షన్ వచ్చేసింది. ఒక ప్రాజెక్ట్ బతికుందో లేదో ఇలాంటప్పుడే తెలుస్తుంది. ఎక్సిమ్ కూడా పాతదే, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో ఫిలిప్ హేజెల్ 1995లో మొదలుపెట్టారు, సీప్యానెల్ హోస్టింగుల్లో నడిచేది అదే, డెబియన్‌లో కూడా చాలాకాలం నుంచి మామూలుగా వచ్చేది అదే, చాలా శక్తి ఉంది. కానీ 2019లో ఒక పెద్ద లోపం, 2021లో క్వాలిస్ అనే భద్రతా కంపెనీ వాళ్లు ఒకేసారి 21 లోపాలు బయటపెట్టడం చూశాక, ఎక్సిమ్ మీద ఇప్పటికే బాగా చెయ్యి తిరిగినవాళ్లకి తప్ప కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పను. ఓపెన్‌ఎస్‌ఎమ్‌టీపీడీ అని ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లది ఇంకొకటుంది, కాన్ఫిగరేషన్ చదివితే మామూలు మాటల్లా ఉంటుంది, ఒకరిద్దరి సొంత డొమైన్‌కి హాయిగా సరిపోతుంది.

ఐమాప్‌కి డవ్‌కాట్. ఫిన్లాండ్‌కి చెందిన టిమో సిరైనెన్ 2002లో విడుదల చేశారు, ఈ పనికి దాదాపు అందరూ వాడేది ఇదే. ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి: 2025 జనవరిలో 2.4 వచ్చింది, దాని కాన్ఫిగరేషన్ పాత 2.3తో కలవదు, రెండు సర్వర్ల మధ్య మెయిల్ ఎప్పటికప్పుడు కాపీ చేసుకునే రెప్లికేషన్ కూడా అందులోంచి తీసేశారు. నెట్‌లో దొరికే గైడ్లలో ఎక్కువ 2.3వే, మీ సర్వర్లో 2.4 ఉంటే ఆ లైన్లు అలాగే కాపీ కొడితే స్టార్ట్ కూడా అవ్వదు. ఏ గైడు చదివినా ముందు అది ఏ వెర్షన్ గురించో చూడండి.

మెయిల్ దాచే పద్ధతి మెయిల్‌డిర్ అయితే ఒక్కో మెయిల్ ఒక్కో ఫైలు. ఇది చాలా చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నా దృష్టిలో ఎంపికలో సగం ఇక్కడే ఉంది, ఎందుకంటే మామూలు ఆర్‌సింక్‌తోనో రెస్టిక్‌తోనో బ్యాకప్ తీయొచ్చు, ఒక్క మెయిల్ పోతే ఒక్క ఫైలు వెనక్కి తెచ్చుకోవచ్చు, రేపు ఈ సాఫ్ట్‌వేర్ నచ్చకపోతే ఆ ఫోల్డర్లు పట్టుకుని వేరేదానికి వెళ్లిపోవచ్చు. వెళ్లిపోయే దారి కనిపించని సాఫ్ట్‌వేర్‌లోకి అసలు దిగకండి, లైసెన్స్ ఎంత ఓపెన్ అయినా సరే.

స్పామ్‌కి ఆర్‌స్పామ్‌డీ, లేదా స్పామ్‌అస్సాసిన్. రెండోది పెర్ల్‌లో రాసింది, అపాచీ వాళ్లది, నమ్మకమైనదే గానీ నెమ్మది. మొదటిది వేగంగా నడుస్తుంది, డీకిమ్ సంతకం (మెయిల్ మీ డొమైన్‌దేనని చూపేది), గ్రేలిస్టింగ్ (కొత్తవాళ్ల మెయిల్‌ని మొదటిసారి ఆపి మళ్లీ పంపమనడం) లాంటివి కూడా తానే చేసేస్తుంది, కొత్తగా పెట్టేవాళ్లకి అదే చెప్తాను. మన దగ్గర ఒక ఇబ్బంది ఏంటంటే తెలుగులో వచ్చే మంచి మెయిల్ ఏదో, చెత్త ఏదో దానికి ముందే తెలీదు, మీరే నేర్పాలి. ఈ రెండింటిలోనూ నేర్చుకునే భాగం మామూలు సెట్టింగుల్లో మంచివి 200, స్పామ్ 200 చూశాకే పని మొదలుపెడుతుంది. కాబట్టి మొదటి రోజుల్లో స్పామ్ వస్తే డిలీట్ కొట్టకుండా స్పామ్ ఫోల్డర్లోకి లాగమని ఆఫీసులో అందరికీ చెప్పండి, అలా లాగినవాటి నుంచి నేర్చుకునేలా సెట్ చేసి ఉందో లేదో కూడా చూడండి.

వెబ్‌మెయిల్‌కి రౌండ్‌క్యూబ్ చాలామందికి సరిపోతుంది. కానీ బ్రౌజర్‌కి తెరిచి ఉండే వాకిలి కాబట్టి దాడులు ఎక్కువ దీని మీదే, 2025 జూన్‌లో బయటపడ్డ లోపమైతే దాదాపు పదేళ్లుగా లోపల ఉన్నదేనట. అందరూ ఫోన్లోనూ థండర్‌బర్డ్‌లోనూ చూసుకునే ఆఫీసైతే వెబ్‌మెయిల్ పెట్టకపోవడమే మంచిది, లేనిదాన్ని ఎవరూ పగలగొట్టలేరు.

రెడీమేడ్ ప్యాకేజీల్లో ఏది ఎవరికి

ఇవన్నీ చేత్తో కలిపి కట్టుకోవడం నేర్చుకోడానికి చాలా మంచిది, నేర్చుకునే కుర్రాళ్లకి ఒక్కసారైనా చెయ్యమనే చెప్తాను. వ్యాపారం నడిచే చోట మాత్రం ప్యాకేజీ తీసుకోండి.

మెయిల్‌కౌ డాకర్ (ప్రోగ్రాముల్ని విడివిడి డబ్బాల్లో పెట్టి నడిపేది) మీద నడుస్తుంది, లోపల పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్, ఆర్‌స్పామ్‌డీ, క్యాలెండర్లకి సోగో అన్నీ ఉంటాయి, అడ్మిన్ ప్యానెల్ బాగుంటుంది, పైన చెప్పిన అకౌంట్స్ అమ్మాయి కూడా కొత్త మెయిల్ బాక్స్ పెట్టేయగలదు. అప్‌డేట్‌కి ఒక స్క్రిప్టు, బ్యాకప్‌కి ఒక స్క్రిప్టు వాళ్లే ఇస్తారు. కానీ మెమరీ 6 జీబీ, పైన 1 జీబీ స్వాప్ (మెమరీ చాలకపోతే డిస్కులో వాడుకునే చోటు) ఉండాలని వాళ్లే రాశారు, 2 జీబీ వీపీఎస్‌లో దూర్చాలని చూడకండి. ఆ మెమరీలో పెద్ద వాటా క్లామ్‌ఏవీ యాంటీవైరస్‌దే, దాన్ని ఆపేస్తే కొంచెం తగ్గుతుంది. చిన్న, మధ్య రకం ఆఫీసులకి నా మొదటి ఓటు దీనికే.

మెయిల్ ఇన్ ఎ బాక్స్ ఇంకా సులువు, కానీ మొత్తం మెషిన్ దానికే ఇచ్చేయాలి, ఉబుంటులో వాళ్లు చెప్పిన వెర్షనే ఉండాలి, డీఎన్ఎస్ కూడా తానే చూసుకుంటానంటుంది, సెట్టింగులు మార్చుకుంటానంటే ఒప్పుకోదు. ఒక కుటుంబానికో, ఒక చిన్న ట్రస్టుకో 1 జీబీ మెమరీతో నడిచిపోతుంది. మార్చాలనే కోరిక లేనివాళ్లకి ఈ పట్టుదలే వరం.

ఐరెడ్‌మెయిల్ డాకర్ లేకుండా నేరుగా సర్వర్ మీద ఇన్‌స్టాల్ అవుతుంది, చాలా ఏళ్లుగా ఉంది. దీంట్లో ఉచితంగా వచ్చే అడ్మిన్ ప్యానెల్లో పనులు తక్కువ, మిగతావి డబ్బు కట్టే ప్రో ఎడిషన్లో ఉంటాయి. అది తప్పేం కాదు, వాళ్లూ బతకాలి, కాకపోతే ఏది ఉచితం ఏది కాదు అన్నది ఇన్‌స్టాల్ చేసే ముందే చదువుకోండి. మెయిలూ కూడా డాకర్‌దే, మెయిల్‌కౌ కంటే తేలిక. డాకర్ మెయిల్‌సర్వర్ అని ఇంకొకటుంది, దానికి ప్యానెలూ లేదు డేటాబేసూ లేదు, అంతా ఫైళ్లలోనే, ఆ కాకినాడ కాలేజీ ల్యాబ్ లాంటి చోటికి ఇది బాగా నప్పుతుంది, ఎందుకంటే కాన్ఫిగరేషన్ మొత్తం గిట్‌లో పెట్టుకుని ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూసుకోవచ్చు.

కొత్త తరం కూడా వచ్చింది. స్టాల్‌వార్ట్ రస్ట్‌లో రాసింది, పంపేది దాచేది స్పామ్ చూసేది అంతా ఒకే ప్రోగ్రాములో, జేమాప్ అనే కొత్త ప్రోటోకాల్ కూడా ఉంది, మెమరీ చాలా తక్కువ తింటుంది. మాక్స్ అనేది గో భాషలో రాసింది, ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఏ డీఎన్ఎస్ రికార్డులు పెట్టాలో మొత్తం రాసిచ్చేస్తుంది, అది చూసి నాకు ముచ్చటేసింది. ఇవి నాకు చాలా ఇష్టం, సొంత డొమైన్‌కి తప్పకుండా వాడి చూడండి. ఆఫీసుకి మాత్రం ఒకసారి ఆలోచించండి, ఇంకా వేగంగా మారుతున్నాయి, ఒక వెర్షన్ నుంచి ఇంకోదానికి వెళ్లేటప్పుడు నోట్స్ చదవకుండా వెళ్లకూడదు, స్టాల్‌వార్ట్‌లో మెయిల్ మెయిల్‌డిర్‌లా ఫైళ్లుగా కాకుండా డేటాబేస్‌లో ఉంటుంది కాబట్టి బ్యాకప్ పద్ధతి కూడా వేరు.

ప్రాజెక్ట్ గట్టిదో కాదో చూడటం

గిట్‌హబ్‌లో నక్షత్రాలు లెక్కపెట్టడం వల్ల ఏం తెలీదు. చివరి రెండు మూడు భద్రతా లోపాలు ఎప్పుడు బయటపడ్డాయి, సరిచేసిన వెర్షన్ ఎన్ని రోజుల్లో వచ్చింది చూడండి, లోపాలే లేవంటే ఎవరూ వెతకలేదని కూడా అర్థం కావచ్చు. రాసేవాళ్లు ఒక్కరేనా నలుగురైదుగురా చూడండి. ఓపెన్ సోర్స్ అని రాసి ఉన్నంత మాత్రాన రేపు కూడా అలాగే ఇస్తారని లేదు, జింబ్రా అనే మెయిల్ సాఫ్ట్‌వేర్ వాడినవాళ్లకి ఇది బాగా తెలుసు, 9వ వెర్షన్ నుంచి ఓపెన్ సోర్స్ ఎడిషన్‌కి రెడీ ఇన్‌స్టాలర్లు ఇవ్వడం మానేశారు, సోర్స్ కోడ్ ఉంది గానీ కట్టుకోవాల్సింది మీరే, ఆ పాత 8.8.15కి కూడా 2023 చివరితో సపోర్ట్ అయిపోయింది. దాని మీద ఆధారపడ్డ ఆఫీసులు ఉన్నపళంగా వేరే దారి వెతుక్కోవాల్సి వచ్చింది.

తెలుగు పరీక్ష కూడా పెట్టండి, ఇది ఎవరూ చెప్పరు. సబ్జెక్ట్ తెలుగులో, అటాచ్‌మెంట్ ఫైలు పేరు తెలుగులో పెట్టి ఒక మెయిల్ పంపి, వెబ్‌మెయిల్లోనూ ఫోన్లోనూ తెరిచి చూడండి, ఆ తర్వాత అందులోని ఒక తెలుగు మాటతో వెతకండి. సెర్చ్‌లో దొరక్కపోతే ధాన్యం లెక్కలు, కౌలు కాగితాలు తెలుగులో పంపుకునే వాళ్లకి రెండేళ్ల తర్వాత చాలా కష్టం. మెయిల్ అడ్రసే తెలుగులో ఉండాలంటే పోస్ట్‌ఫిక్స్ 2015లో వచ్చిన 3.0 నుంచి ఒప్పుకుంటుంది, కానీ అవతలి సర్వర్ కూడా ఒప్పుకోవాలి, కాబట్టి ఇంగ్లీష్ అడ్రస్ ఒకటి పక్కన ఉంచుకోండి.

పెట్టాక

ఎస్‌పీఎఫ్ (మీ పేరుతో ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పేది), డీకిమ్, డీమార్క్ (ఆ పరీక్షలు తప్పితే ఏం చెయ్యాలో చెప్పేది) మూడూ డీఎన్ఎస్‌లో తప్పనిసరి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ నియమాలు గట్టి చేశాయి, రోజుకి 5000 పైన పంపేవాళ్లకి మూడూ ఉండాల్సిందే, 2025 మే నుంచి అవుట్‌లుక్ కూడా అలాంటిదే పెట్టింది. మీరు రోజుకి యాభై పంపినా ఇవి పెట్టండి, లేకపోతే ఎగుమతి ఇన్వాయిస్ వెళ్లి కొనేవాడి స్పామ్‌లో కూర్చుంటుంది. డీకిమ్ కీ 2048 బిట్లది తీసుకుంటే రికార్డు పొడుగైపోతుంది, డీఎన్ఎస్‌లో ఒక్కో ముక్క 255 అక్షరాలే కాబట్టి కొన్ని ప్యానెళ్లలో రెండు ముక్కలుగా ఇవ్వాలి, సంతకం సరిపోవట్లేదంటే ముందు ఇక్కడే చూడండి. డీమార్క్ మొదట ఏమీ ఆపకుండా రిపోర్టులు మాత్రమే తెప్పించుకునేలా పెట్టి, కొన్ని వారాలు వాటిని చదివాక బిగించండి, మీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేరో వెబ్‌సైట్ ఫారమో మీ పేరుతో మెయిల్ పంపుతోందని అప్పుడే తెలుస్తుంది.

లాగులు ఎన్నాళ్లు దాస్తుందో కూడా చూసుకోండి. 2022 ఏప్రిల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు లాగులు 180 రోజులు ఉంచాలి, భద్రతా ఘటన జరిగితే తెలిసిన 6 గంటల్లో ఆ సంస్థకి చెప్పాలి. మామూలు లినక్స్ సెట్టింగులో మెయిల్ లాగులు అంతకంటే చాలా ముందే చెరిగిపోతాయి, ఆ గడువు మార్చడం రెండు నిమిషాల పని.

అసలు డొమైన్ మార్చే ముందు, పక్కన ఒక చవక డొమైన్ కొని దాని మీద ఒక నెల నడపండి. ఆ నెలలో ఒకసారి కావాలనే సర్వర్ మొత్తం తుడిచేసి బ్యాకప్ నుంచి వెనక్కి తెండి, ఒకసారి అప్‌గ్రేడ్ చేయండి, ఈ రెండూ మీరు కాకుండా మీరు లేనప్పుడు చూసుకునే ఆ మనిషితోనే చేయించండి, పక్కన కూర్చోండి గానీ కీబోర్డ్ ముట్టుకోవద్దు. ఎక్కడ ఆగారో అదే రాసి పెట్టండి, తెలుగులోనే రాయండి, ప్రింటు తీసి ఆఫీసు బీరువాలో ఉంచండి. వాళ్లు చెయ్యలేకపోతే ఆ సాఫ్ట్‌వేర్ మీ ఆఫీసుకి కాదు, ఎంత గొప్పదైనా ఇంకోటి చూడండి.

మార్చే రోజుకి ముందు ఎమ్‌ఎక్స్ రికార్డు (మెయిల్ ఏ సర్వర్‌కి రావాలో చెప్పేది) టీటీఎల్‌ని, అంటే అవతలివాళ్లు దాన్ని గుర్తుంచుకునే గడువుని, 300 సెకన్లకి తగ్గించి, పాత గడువు పూర్తయ్యాక మార్చండి, పాత మెయిల్ బాక్సులు వెంటనే మూసేయకుండా ఐమాప్‌సింక్ అనే ప్రోగ్రాముతో మెయిల్ అంతా తెచ్చుకుని కొన్నాళ్లు అలాగే ఉంచండి. డొమైన్ రెన్యువల్, వీపీఎస్ బిల్లు, సర్వర్ అలర్టులు మాత్రం ఈ కొత్త మెయిల్‌కి పెట్టకండి, బయట ఇంకో అడ్రస్‌కి వచ్చేలా పెట్టి ఆ అడ్రస్ ఇద్దరి ఫోన్లలో తెరిచి ఉంచండి, సర్వర్ పడిపోయిందన్న కబురు ఆ పడిపోయిన సర్వర్‌కే వెళ్తే ఎవరికీ తెలీదు కదా.